ఎలక్ట్రిక్ గ్రిడిల్ మీద దోసెలు, పానినీ ప్రెస్‌లో శాండ్‌విచ్‌లు: ఏది కొనాలి, ఎక్కడ తేడా వస్తుంది

అమెరికా అపార్ట్‌మెంట్‌లో కాయిల్ స్టవ్ మీద దోసెలు కుదరడం లేదన్నారు. 22 అంగుళాల ఎలక్ట్రిక్ గ్రిడిల్ (కరెంటుతో వేడెక్కే వెడల్పాటి ప్లేటు) కొనాలా, లేక రెండు వేడి ప్లేట్ల మధ్య శాండ్‌విచ్ నొక్కి కాల్చే, తెరిస్తే బల్లపరుపుగా పరుచుకునే పానినీ ప్రెస్ ఒక్కటి కొంటే రెండు పనులూ అయిపోతాయా అని మీ ప్రశ్న. తెలిసినవాళ్ళింట్లో చూసిన రెండు ఇబ్బందులు కూడా రాశారు: దోసె అంచులు ఎర్రబడ్డా మధ్యలో తెల్లగా ఉండిపోవడం, శాండ్‌విచ్ పైన మాడినా లోపల చీజ్ కరగకపోవడం. ఇండియాకి తిరిగి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళొచ్చా అని చివర్లో అడిగారు. నేను రాసే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే, అక్కడి నాబ్‌ల మీద అవే ఉంటాయి కాబట్టి.

ముందు కొనే సంగతి. ఇంట్లో నలుగురుండి వారానికి రెండు మూడుసార్లు దోసెలు, ఊతప్పాలు, పెసరట్లు వేసుకునేవాళ్ళయితే గ్రిడిల్ తీసుకోండి. ఇద్దరే ఉండి, శాండ్‌విచ్, పనీర్, చికెన్ ఎక్కువగా చేసుకుంటూ దోసె ఎప్పుడో ఒకసారి వేసేవాళ్ళకైతే ప్రెస్ చాలు. ప్రెస్ తెరిచి పరిస్తే రెండు ప్లేట్లు వస్తాయి గానీ ఒక్కోటి సుమారు 11 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. మధ్యలో కీలు దగ్గర సందు ఉంటుంది. ఒక్కో ప్లేటు మీద 8 అంగుళాల దోసె ఒకటే పడుతుంది. పల్చటి పెద్ద దోసె దాని మీద రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇక వేడి విషయం. ఇది అర్థమైతే మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ అర్థమవుతాయి. అమెరికాలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అందుకే కౌంటర్ మీద పెట్టుకునే గ్రిడిళ్ళు, ప్రెస్‌లు చాలావరకు 1500 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. ఇంకో యాభై డాలర్లు పెడితే ప్లేటు మందం, కోటింగ్, కీలు మెరుగవుతాయేమో గానీ వాట్లు పెద్దగా పెరగవు. మీ కాయిల్ స్టవ్ పెద్ద రింగు ఒక్కటే 2000 వాట్లకు పైగా తీసుకుని ఆ వేడంతా పది అంగుళాల పెనానికి ఇస్తుంది, అంటే చదరపు అంగుళానికి పాతిక వాట్లు. గ్రిడిల్‌లో 1500 వాట్లు 264 చదరపు అంగుళాల ప్లేటంతా సర్దుకోవాలి. లెక్క వేస్తే అంగుళానికి ఆరు వాట్లు కూడా రావు. నాబ్ మీద 400 అని ఉన్నంత మాత్రాన పెనంలా వేడి పుంజుకోదు. పిండి పడగానే ప్లేటు చల్లబడుతుంది, మళ్ళీ వేడెక్కడానికి టైం పడుతుంది.

దోసె లెక్క చూడండి. ఒక దోసెకి 80 గ్రాముల పిండి పోస్తే అందులో సుమారు 50 గ్రాములు నీళ్ళే. దోసె కాలి కరకరలాడాలంటే ఓ 30 గ్రాముల నీళ్ళు ఆవిరైపోవాలి. పిండి వేడెక్కడానికీ, ఆ నీళ్ళు ఆవిరవడానికీ కలిపి దాదాపు 90 కిలోజౌళ్ళు కావాలి. గ్రిడిల్ నిమిషానికి ఇచ్చేదే 90 కిలోజౌళ్ళు, అందులోనూ మూడో వంతు దాకా గాల్లోకి పోతుంది. అంటే పక్కపక్కన రెండు దోసెలు పోస్తే రెండున్నర నుంచి మూడు నిమిషాలు పడుతుంది. ఇది గ్రిడిల్ లోపం కాదు, కరెంటు లెక్క. పెనం మీద నిమిషంన్నరలో దోసె తీసే అలవాటున్నవాళ్ళు గ్రిడిల్ మీద ఓపిక పట్టక, నాబ్ ఇంకా పైకి తిప్పి, అంచులు మాడ్చుకుంటారు.

వేడెక్కించడం దగ్గరే చాలామంది తొందరపడతారు. నాబ్ 400కి తిప్పితే లైటు వెలుగుతుంది, ఆరేడు నిమిషాలకు ఆరిపోతుంది. వెంటనే పిండి పోస్తారు. లైటు మొదటిసారి ఆరిందంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కరెంటు ఇచ్చి ఆపే భాగం) ఉన్నచోట వేడి చేరిందని మాత్రమే అర్థం. మూలలు ఇంకా వెనకబడే ఉంటాయి. మళ్ళీ లైటు వెలిగి రెండోసారి ఆరేదాకా ఆగండి, మొత్తం 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. నాబ్ అంకెకీ ప్లేటు మీది అసలు వేడికీ పాతిక డిగ్రీల తేడా మామూలే. ప్లేటు ఎక్కడ వేడిగా ఉందో తెలుసుకోవాలంటే కొన్న వారంలోనే ఒక పరీక్ష చేయండి: 375 దగ్గర పెట్టి, బాగా వేడెక్కాక, వెన్న నూనె ఏమీ రాయని బ్రెడ్ ముక్కలు ప్లేటంతా పరిచి నాలుగు నిమిషాల తర్వాత తిరగేయండి. ఎక్కడ ఎర్రబడ్డాయో, ఎక్కడ తెల్లగా ఉన్నాయో చూస్తే ప్లేటు కింద వేడినిచ్చే రింగు ఏ దారిన పోతోందో కనిపిస్తుంది. ఆ ముక్కలు వరుస తప్పకుండా ఫోటో తీసి పెట్టుకోండి. దోసె ఎక్కడ పోయాలో, ఎక్కడ పోయకూడదో దాన్ని బట్టే తెలుస్తుంది.

మధ్యలో తెల్లగా ఉండిపోవడానికి రెండు కారణాలు. ఒకటి ఇప్పుడు చెప్పిన రింగు దారి. రెండోది, గరిటెడు పిండి మొదట పడేది మధ్యలోనే, అక్కడే ప్లేటు ఎక్కువ చల్లబడుతుంది. పైగా అక్కడే మందంగా ఉంటుంది. గరిటె అడుగు పిండి మీద ఆనీ ఆననట్టు పెట్టి, పోసిన మూడు నాలుగు సెకన్లలో తిప్పడం మొదలుపెట్టండి. పెనానికి వాడే పిండికన్నా ఇంకాస్త జారుగా కలపండి: నాలుగు కప్పుల పిండికి పావు కప్పు నీళ్ళు అదనంగా. రంగు కోసం అదే నాలుగు కప్పులకి అర టీస్పూన్ పంచదార చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి వెంటనే పోయకండి, ముప్పావుగంట బయట పెడితే ప్లేటు మీద పడే భారం కొంత తగ్గుతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఇనప పెనం మీద నీళ్ళు చిలకరించి తుడుస్తాం, ఎందుకంటే అది మరీ కాలిపోయి ఉంటుంది. ఎక్కువ వేడైతే పిండి పడగానే గడ్డకట్టి గరిటెతో పాటు లేచి వస్తుంది. గ్రిడిల్‌కి అంత వేడి మిగులు లేదు. తడి గుడ్డని నీళ్ళు కారకుండా గట్టిగా పిండి, దాంతో ఒక్కసారి తుడిస్తే చాలు. నూనె మాత్రం పిండి పోసేముందు రాయొద్దు. నాన్‌స్టిక్ మీద నూనె ఉంటే పిండి పట్టు దొరక్క గరిటె వెంట జారిపోతుంది. దోసె పైన తడి ఆరాక, అంచుల చుట్టూ, మధ్యలో ఓ టీస్పూన్ నూనె వేయండి. రెండో వైపు కాల్చక్కర్లేదు. తీశాక లైటు మళ్ళీ ఆరేదాకా నిమిషంన్నర, రెండు నిమిషాలు ఆగి తర్వాతి వాయి పోయండి. ఇలా చేస్తే రెండో వాయి మొదటిదానికన్నా బాగా వస్తుంది, మూడోది ఇంకా బాగా వస్తుంది.

నిజానికి గ్రిడిల్ మీద దోసెకన్నా ఊతప్పం బాగా కుదురుతుంది. నెమ్మదైన వేడి దానికి నప్పుతుంది. 5 అంగుళాల ఊతప్పాలు నాలుగేసి చొప్పున రెండు వరుసలు, మొత్తం ఎనిమిది పడతాయి. 350 దగ్గర పెట్టి, పోసి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర చల్లి, అట్లకాడతో మెల్లగా అదిమి, ఐదు నిమిషాలయ్యాక తిప్పి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచితే ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చుని తినొచ్చు. గ్రిడిల్ కొనడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. పెసరట్టు పిండి పులవదు కాబట్టి ప్లేటుకి పట్టుకునే గుణం ఎక్కువ. కప్పు పెసలకి రెండు టేబుల్‌స్పూన్ల బియ్యం కలిపి నానబెట్టి రుబ్బండి, 350 దగ్గర పరిచి, తర్వాత 400కి పెంచండి. ఆమ్లెట్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త: కొన్ని గ్రిడిళ్ళు కొవ్వు కారిపోవడానికి ఒక పక్కకు వాలుగా ఉంటాయి. గుడ్డు సొన ఆ వైపుకి పారిపోతుంది. పల్లం వైపు కాళ్ళ కింద మడిచిన అట్టముక్క పెట్టండి, లేదా చిన్న చిన్న ఆమ్లెట్లే వేయండి. కింద నూనె పళ్ళెం పెట్టడం మర్చిపోతే మాత్రం కౌంటరంతా జిడ్డే.

ఇప్పుడు పానినీ ప్రెస్. కొనేటప్పుడు చూడాల్సింది కీలు. పై ప్లేటు ముందూ వెనకా రెండువైపులా లేచేలా కదిలే కీలు ఉండాలి. లేకపోతే మందపాటి శాండ్‌విచ్ వెనక భాగం నలిగి, ముందు భాగానికి పై ప్లేటు తగలదు. షాపులోనే మధ్యలో అంగుళం మందం వస్తువు పెట్టి మూసి చూడండి, పై ప్లేటు కౌంటర్‌కి సమాంతరంగా నిలవాలి. ఇక ప్లేట్లు ఊడొచ్చేవా, బిగించినవా? ఊడొచ్చేవి సింక్‌లో కడుక్కోవచ్చు, ఒక వైపు గీతలు, ఇంకో వైపు నున్నగా ఉండి తిప్పి పెట్టుకునేవీ దొరుకుతాయి. కాకపోతే వాటి కింద రింగు విడిగా ఉంటుంది, వేడి కాస్త నెమ్మదిగా అందుతుంది. బిగించిన ప్లేట్లలో రింగు ప్లేటులోనే పోత పోసి ఉంటుంది కాబట్టి వేడి బాగా ఎక్కుతుంది, కానీ కరిగిన చీజ్, పసుపు, కారం కీలు సందుల్లోకి పోతే తీయడం నరకం. మన వంటలకి ఊడొచ్చేవే తీసుకోమంటాను. గీతల ప్లేటు చూడ్డానికి బాగుంటుంది గానీ గీత తగిలిన చోటే రొట్టె ఎర్రబడుతుంది. శాండ్‌విచ్‌కి నున్న ప్లేటే మేలు. చికెన్‌కి గీతలది పనికొస్తుంది, కారిన కొవ్వు పల్లంలోకి పోతుంది కాబట్టి.

శాండ్‌విచ్ పైన మాడి లోపల చల్లగా ఉండటానికి మందమూ, ఫ్రిజ్ చల్లదనమూ కారణం. లోపలిదాకా వేడి చేరడానికి పట్టే టైం మందంతో పాటు మామూలుగా పెరగదు: మందం రెట్టింపయితే టైం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకని మూయకముందు శాండ్‌విచ్ అంగుళం మించకుండా చూడండి. కూరలు, చీజ్ ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి పెట్టండి. ఆలూ కూర పెట్టేట్టయితే మైక్రోవేవ్‌లో వేడి చేసే పెట్టండి. వేడి 350, టైం ఐదారు నిమిషాలు. డిగ్రీలు లేని ప్రెస్ అయితే మీడియం. 425లో రెండు నిమిషాల్లో అయిపోతుందనుకుంటే మీరు చూసిన ఫలితమే వస్తుంది.

తడి రెండో శత్రువు. మూసిన ప్రెస్‌లో ఆవిరి బయటికి పోదు, రొట్టె మెత్తబడిపోతుంది. టమాటా పావు అంగుళం కన్నా పల్చగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలు పేపర్ టవల్ మీద ఆరబెట్టండి. కొత్తిమీర చట్నీ గట్టిగా రుబ్బండి, ఒక్కో ముక్కకి టీస్పూన్ చాలు. చీజ్ పైనా కిందా రెండు చోట్లా వేస్తే కూరలోని తడి రొట్టెకి అంటదు, పైగా రెండు ముక్కలూ అతుక్కుంటాయి. మోజరెల్లా, ప్రొవొలోన్ బాగా కరుగుతాయి. పనీర్ పాలు విరగ్గొట్టి చేసేది, ఎంత వేడి చేసినా కరగదు, కాబట్టి అతికించే పని దానికి అప్పజెప్పకండి. ఆలూ కూర కొలత: రెండు మధ్యరకం దుంపలు, అంటే దాదాపు 300 గ్రాములు, పొడిగా చేస్తే నాలుగు శాండ్‌విచ్‌లకు సరిపోతుంది.

బయట రాసే వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళుంటాయి, పాల పదార్థం కూడా ఉంటుంది. అదే మచ్చలు మచ్చలుగా మాడేది. నెయ్యి రాస్తే ఆ గొడవ లేదు, ఒక్కో వైపుకి అర టీస్పూన్ పల్చగా. అమెరికాలో దొరికే మెత్తటి తెల్ల బ్రెడ్‌లో పంచదార ఉంటుంది, త్వరగా నల్లబడుతుంది. సియబట్టా గానీ సార్‌డో గానీ అనే గట్టి రకం బ్రెడ్, అదీ ఒక రోజు నిలవున్నది, ఇంకా బాగుంటుంది.

మూత వేశాక చేత్తో నొక్కకండి. మొదటి నిమిషం మూత బరువే చాలు, రొట్టె పైపొర గట్టిపడాలి. అప్పుడే నొక్కితే చీజ్, చట్నీ పక్కలకి వచ్చేసి ప్లేటు మీద మాడతాయి, కీలు కూడా వదులవుతుంది. చివరి నలభై సెకన్లు మూత తెరిచి ఉంచితే ఆవిరి పోయి పైన కరకర వస్తుంది. తీసి పళ్ళెంలో కాకుండా వైర్ రాక్ మీద రెండు నిమిషాలు పెట్టి, తర్వాత కోయండి. పళ్ళెంలో పెడితే అడుగు చెమర్చి మెత్తబడుతుంది.

పనీర్ టిక్కాకి 250 గ్రాముల పనీర్ అర అంగుళం పలకలుగా కోయండి. నాలుగు టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు (గుడ్డలో వడకట్టింది), టీస్పూన్ వేయించిన శనగపిండి, టేబుల్‌స్పూన్ నూనె, మీ కారం మసాలాలు. శనగపిండి నీళ్ళు పీల్చుకుంటుంది, మసాలా జారిపోదు. 400 దగ్గర మూసి మూడు నాలుగు నిమిషాలు, తెరిచి ఇంకో నిమిషం. చికెన్ బ్రెస్ట్ అయితే ముందు ప్లాస్టిక్ కవర్ మధ్య పెట్టి అర అంగుళం మందానికి సమంగా దంచండి. రెండువైపులా ఒకేసారి కాలుతుంది కాబట్టి ఐదారు నిమిషాల్లో అవుతుంది. అయినా టైంని నమ్మకండి, మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీలు చూపించాలి. పచ్చి చికెన్ పెట్టిన అట్లకాడతోనే ఉడికింది తీయొద్దు.

ప్రెస్‌లో చపాతీ, పుల్కా చేయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. బరువు కింద పొంగదు, అప్పడంలా గట్టిపడుతుంది.

కోటింగ్ గురించి. మామూలు నాన్‌స్టిక్ పూత 500 డిగ్రీలు, అంటే 260 సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది. ఇంకా పైకి పోతే దాని పొగ మనుషులకీ మంచిది కాదు, పెంపుడు పక్షులకైతే ప్రాణాంతకం. చిలుకలున్న ఇంట్లో వంటగదికి దూరంగా పెట్టాలి. గ్రిడిల్ 400 దగ్గరే ఆగుతుంది కాబట్టి సరిగ్గా పనిచేసినంతకాలం భయం లేదు. కానీ ఊడొచ్చే థర్మోస్టాట్ ఉన్న మోడల్‌లో దాని కడ్డీ సగమే దూరితే అది ప్లేటు అసలు వేడిని తెలుసుకోలేదు, కరెంటు ఆపకుండా ఇస్తూ పోతుంది. చివరిదాకా నెట్టి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. ఇనప అట్లకాడ వద్దు, చెక్కదో సిలికాన్‌దో వాడండి. డబ్బాలో వచ్చే స్ప్రే నూనెలు అసలు కొట్టొద్దు. వాటిలో చాలావరకు లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది, అది కాలి బంకగా పేరుకుంటుంది, ఆ తర్వాత ఏం వేసినా అంటుకుంటుంది. పూత పాడైందని చాలామంది పారేసే గ్రిడిళ్ళకి నిజంగా పట్టింది ఈ బంకే.

ఆ బంక పోవాలంటే మూడు స్పూన్ల వంటసోడాకి ఒక స్పూన్ నీళ్ళు కలిపి ముద్ద చేసి, చల్లారిన ప్లేటుకి పట్టించి, పావుగంట తర్వాత మెత్తటి స్పాంజితో రుద్దండి. స్టీలు పీచు ముట్టుకోవద్దు. రోజువారీకైతే ప్లగ్గు తీసి పది నిమిషాలాగి, గోరువెచ్చగా ఉండగా తడి గుడ్డతో తుడిస్తే చాలు. కాలుతున్న ప్లేటు మీద చన్నీళ్ళు పోస్తే వంకర తిరుగుతుంది, ఇక ఎప్పటికీ పిండి ఒక వైపుకే పారుతుంది. డిష్‌వాషర్‌లో పెట్టొచ్చని పెట్టె మీద రాసి ఉన్నా చేత్తోనే కడగమంటాను, ఆ సబ్బుకి అల్యూమినియం అడుగు బూడిద రంగులోకి మారుతుంది. థర్మోస్టాట్‌కి నీళ్ళు తగలకూడదు. అది దూర్చే రంధ్రం కూడా పూర్తిగా ఆరాకే వాడండి.

కరెంటు పాయింట్లు. 1500 వాట్లంటే 12.5 ఆంపియర్లు. అదే లైన్‌లో మైక్రోవేవ్ కూడా వేస్తే 20 ఆంపియర్ల బ్రేకర్ కూడా పడిపోవచ్చు. వేరే గోడ మీది ప్లగ్గు వాడి చూడండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు. పావుగంట వాడాక ప్లగ్గు పట్టుకుని చూడండి: గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులైనట్టు, వాడకం ఆపి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కి చెప్పి మార్పించండి.

ఇండియాకి మాత్రం పట్టుకెళ్ళొద్దు. 120 వోల్టుల సామాన్ని 230 వోల్టుల్లో పెడితే వాట్లు వోల్టుల వర్గంతో పెరుగుతాయి: 1500 వాట్లది దాదాపు 5500 లాగబోయి క్షణాల్లో కాలిపోతుంది. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే 2000 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) పైబడింది కావాలి, దాని బరువు, ఖర్చు కలిపితే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త ప్రెస్ కొనుక్కోవడమే నయం. అక్కడ 1000 వాట్ల లోపు శాండ్‌విచ్ మేకర్‌కి మామూలు 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. 1500 నుంచి 2000 వాట్ల గ్రిల్ తీసుకుంటే గీజర్‌కి వాడేలాంటి 16 ఆంపియర్ల పెద్ద మూడు పిన్నుల సాకెట్ వంటింటి గట్టు మీద ఉండాలి. అది లేకపోతే గ్రిల్ కొనకముందే ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైన్ లాగించుకోండి.